గవాచి మూసిన పగళ్లు

నంద్యాల ఆసుపత్రిలో నర్సుగా చేరిన తొలి సంవత్సరాల్లో నాకు పగలే రాత్రి. డెబ్భైల నాటి మాట. రాత్రి డ్యూటీ దిగి క్వార్టర్సుకు వచ్చేసరికి వీధిలో పాల సైకిళ్లు తిరుగుతుండేవి, కుళాయి దగ్గర బిందెలు వరుస కట్టి ఉండేవి. ముఖం కడుక్కుని, డైరీలో నాలుగు ముక్కలు రాసుకుని, తడి తువ్వాలు కళ్ల మీద వేసుకుని పడుకునేదాన్ని. వెనక గోడ అవతలే బియ్యం మిల్లు. దాని మోత మొదట్లో తల మీద పడుతున్నట్టుండేది. ఏడాది తిరిగేసరికి ఆ మోత లేకపోతే నిద్ర పట్టేది కాదు. మిల్లు మూసిన రోజు నాకు జాగారం.

డైరీ హైస్కూల్లో మొదలైన అలవాటు. ఉద్యోగంలో చేరాక ప్రతి పేజీ పైన ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు లేచానో రాసిన తరువాతే మిగతా సంగతులు రాసేదాన్ని. ఈ వయసులోనూ అంతే. అలాంటిది, నా మొదటి బిడ్డ పుట్టాక కొన్ని వారాలపాటు ఒక్క అక్షరం రాయలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదంతా గుర్తు మీద చెబుతున్నదే. పేజీలు నింపిన రోజులకన్నా ఖాళీగా వదిలేసిన ఆ రోజులే నాకు బాగా గుర్తున్నాయి.

పిల్లలున్న సిస్టర్లు రాత్రి డ్యూటీ మార్చుకోమని అడిగేవారు. నేను ఒంటరిదాన్ని, సరేననేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఆయన నంద్యాలలోనే బడిపంతులు. ఆయన బడికి బయలుదేరే వేళకు నేను గుమ్మంలో అడుగుపెట్టేదాన్ని. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వేవాడు.

"మన మంచానికి పాపం ఒక్క పూటన్నా సెలవు లేదు మే. నేను లేస్తే నువ్వొస్తాండావ్."

కడుపుతో ఉన్నానని తెలిశాక కూడా కొన్ని నెలలు రాత్రి డ్యూటీలే చేశాను. తరువాత పగటి డ్యూటీకి మార్చారు. అప్పుడు తెలిసింది, నా ఒళ్లు రాత్రి నిద్రపోవడం మరచిపోయిందని. దీపం ఆర్పగానే చెవులు నిక్కపొడుచుకునేవి. పక్కింట్లో ఎవరైనా దగ్గితే లేచి కూర్చునేదాన్ని. వార్డుకు వచ్చే గర్భిణులను కాళ్లకు నీరు వచ్చిందా, ఆకలి ఉందా, కళ్లు తిరుగుతున్నాయా అని నేనే రోజూ అడిగేదాన్ని. నిద్ర ఎలా ఉందని ఏ ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. నన్నూ ఎవరూ అడగలేదు. అప్పట్లో అది అడగవలసిన సంగతని ఎవరికీ తోచేది కాదు.

కాన్పు నంద్యాలలోనే అయింది. ఆడపిల్ల. బాలింతను పుట్టింటికి తీసుకుపోవాలి కదా, కొన్నాళ్లకు నాయన వచ్చి నన్నూ బిడ్డనూ ఆళ్లగడ్డ బస్సెక్కించాడు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, ఒళ్లో బిడ్డ. కిటికీ పక్క సీటు వద్దని నాయన నన్ను లోపలికి జరిపి తను గాలికి అడ్డంగా కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయన చొక్కా వీపు గాలికి ఉబ్బుతూనే ఉంది.

ఆళ్లగడ్డలో మాది మట్టి మిద్దె. కింద నాపరాళ్లు పరిచిన నేల, ఎండాకాలంలో కూడా పాదాలకు చల్లగా తగిలేది. కిటికీలు చిన్నవి. వెలుతురంతా పైకప్పులో వదిలిన కంత నుంచే వచ్చేది. దాన్ని మా వైపు గవాచి అంటారు. పగలంతా దానిలోంచి ఎండ నిట్టనిలువుగా దిగి, పొద్దు జరిగిన కొద్దీ నేల మీద నెమ్మదిగా నడిచేది. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దాని మీదికి బండ జరిపేవారు. అప్పుడు ఇల్లంతా చీకటయ్యేది.

ఇంటిపక్కనే రాతి విగ్రహాలు చెక్కే శిల్పి కుటుంబం. పొద్దున మొదలైన ఉలి చప్పుడు సాయంత్రం దాకా ఆగేది కాదు. శిల్పి భార్యను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. మేము క్రైస్తవులం, వాళ్లు దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లు. ఆ సంగతి పండగలప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఇంట్లో మాట జేజిది. జేజి అంటే నాయన తల్లి. బాలింతకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో, నీళ్లు ఎంత వేడిగా కాయాలో, సాంబ్రాణి ఏ మూల నుంచి వేయాలో అన్నీ ఆమె చెప్పాల్సిందే. అమ్మ ఆ ఇంటికి కోడలై అన్నేళ్లయినా అత్త మాటకు ఎదురు చెప్పి ఎరగదు. జేజి పెట్టిన నియమాలన్నిటిలోకీ గట్టిది ఒకటుంది. బాలింత పగలు కన్ను మూయకూడదు. మూస్తే ఒంటికి నీరు పడుతుంది.

మా వీధిలో ఈ మాట అందరూ నమ్మేవాళ్లే. అందుకే బాలింతను మేలుకొలిపి ఉంచడం ఆడవాళ్లందరి పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక వంతులవారీగా వచ్చి కూర్చునేవారు. చింతపిక్కలాట, ఊరి కబుర్లు, ఉయ్యాలవాడలో ఎవరి బర్రె ఈనిందో దాకా. నా తల ముందుకు వాలితే ఎవరో ఒకరు భుజం తట్టేవారు.

"అమ్మీ, కునుకుతాండావ్. నీ వంతు, పిక్కలెయ్."

"నాతో కాదు చిన్నమ్మా. నిద్రొస్తాంది."

"వస్తే లేసి నిలబడు. నాకు నలుగురు బిడ్డలు. నాలుగు కాన్పుల్లోనూ నేను నిలబడే కునికితి. బర్రె మాదిరి."

అందరూ నవ్వేవారు. మొదటి వారం నేనూ నవ్వాను. ఆ వారంలోనే జేజితో వాదించాను కూడా. ఆమె తన అక్క సంగతి చెప్పింది.

"మా అక్క పగలంతా పండుకునేది. ఎవరేం జెప్పినా ఇనలా. కాళ్లకు నీరొచ్చె, మొగానికి నీరొచ్చె, బిడ్డ పాలు తాగుతాండంగనే అక్క పాయ."

"జేజీ, అది నిద్ర వల్ల కాదు. రక్తపోటు ఎక్కువైతే అట్లయితాది. నీరొచ్చి ఒంట్లో శక్తి లేక పండుకునింది. పండుకున్నందుకు నీరు రాలా."

"నువ్వు ఆడున్నావా?"

జేజి తన తొడ తట్టి చూపించింది.

"నేనుంటి. దాని తలకాయ నా తొడ మీదుండె. నువ్వు నాకు చెప్పాకు."

నర్సుగా నేను చెప్పింది నిజమే. కానీ ఆ తొడ మీది బరువు ముందు నా చదువు నిలవలేదు. ఆ తరువాత వాదించే ఓపిక కూడా పోయింది.

రాత్రిళ్లు ఇల్లంతా నిద్రపోయేది. అమ్మ బిడ్డను తన పక్కలో వేసుకుని, "పాలకు లేపుతా, నువ్వు పండుకో" అనేది. నేను పడుకునేదాన్ని. కళ్లు మూతపడేవి కావు. ఏళ్ల తరబడి రాత్రంతా వార్డు చెవులతో మేలుకున్నదాన్ని కదా, బిడ్డ ఊపిరి వినిపించకపోతే భయం, వినిపిస్తే ఇంకా భయం. తెల్లవారి ఉలి చప్పుడు మొదలయ్యాక ఒళ్లంతా నిద్రకోసం వాలిపోయేది. నంద్యాలలో మిల్లు మోతకు పడిన అలవాటు అది. సరిగ్గా అప్పుడే ఇల్లు నన్ను లేపి కూర్చోబెట్టేది.

అలా వారాలు గడిచాయి. నాకేం జరుగుతోందో నాకే తెలియలేదు. ఉన్నట్టుండి కన్నీళ్లు కారేవి, ఎందుకంటే చెప్పలేను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోయేదాన్ని. వార్డులో ఎంతమంది పసిపిల్లలకు నీళ్లు పోసిన చేతులో, నా బిడ్డను ఎత్తుకోవాలంటే ముందుకు వచ్చేవి కావు. బిడ్డ ఏడుస్తుంటే వీధి చివర ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు అనిపించేది. పాలిచ్చేదాన్ని, ముఖం వైపు చూసేదాన్ని కాదు. ఆదివారం మా ఆయన వచ్చి పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే, ఈయన ఎప్పుడు బస్సెక్కుతాడా అని చూసేదాన్ని.

తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందని ఒకరు, దిష్టి అని ఒకరు. చిన్నమ్మ అహోబిలం నుంచి తాయెత్తు తెప్పిస్తానంది. నాయన చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించాడు. అయ్యగారు మంచివాడు, నా తల మీద చేయి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. నాకు ఆ చేయి కింద కళ్లు మూసుకుని ఉండడం ఎంత హాయిగా అనిపించిందంటే, ఆమెన్ అనకుండా ఇంకాసేపు సాగిస్తే బాగుండుననుకున్నాను.

ఆ తరువాతి రోజుల్లోనే ఒక పొద్దున, ఎండ గవాచిలోంచి దిగి గోడ దగ్గరే ఉన్న వేళ, జేజి తమలపాకు నూరుకుంటూ కూర్చుంది. నేను లేచి వెళ్లి బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాను.

"జేజీ, ఈ బిడ్డను నువ్వే పెట్టుకో. నాతో కాదు."

"యాడికి పోతాండావ్?"

"తెలీదు. యాడికన్నా పోతా. మీకు తెలీకుండా పోతా."

జేజి నూరడం ఆపింది. నేను ఏడవడం లేదు. అదే ఆమెను భయపెట్టిందని తరువాత చెప్పింది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పానట.

వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చింది. నన్ను రెండు చేతులా పట్టుకుంది. అత్త వైపు తిరిగింది. నా జీవితంలో అమ్మ గొంతు అంత పైకి లేవగా నేను వినలేదు.

"దాన్ని పండుకోనీ అత్తా! నీకు దండం పెడతా. అది రాత్రి పండుకోల్యా, పగలు పండుకోల్యా. మనిషి యాడ బతుకుతాది?"

"పగలు పండుకోగూడదు," అంది జేజి. కానీ ఆ మాటలో ఎప్పటి గట్టిదనం లేదు. అరచేతిని తన తొడ మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. బిడ్డ ముఖం చూసింది, నా ముఖం చూసింది. కాసేపటికి ఇంటి ముందు పంచలోకి కేక వేసింది. నాయన ఆ రోజు ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడ పేపరు చదువుతున్నాడు.

"రేయ్, మిద్దెక్కు. గవాచి మూయి."

"వాన యాడుందిమా? మండిపోతాంది ఎండ."

"మూయమంటే మూయి."

పైన బండ జరిగిన చప్పుడైంది. ఎండ కట్టె విరిచినట్టు తెగిపోయింది. జేజి అమ్మచేత కిటికీలకు గోనె సంచులు కట్టించింది, తలుపు సందులో కంబళి దోపించింది. లాంతరు వెలిగించింది. మధ్యాహ్నం కూడా కాకముందే మా ఇంట్లో రాత్రయింది.

"ఇంక అన్నం పెట్టు," అంది అమ్మతో. "రాత్రి తినకుండా పండుకుంటారా?"

అమ్మ వేడన్నంలో మిరియాల చారు పోసి తెచ్చింది. జేజి ఎదురుగా కూర్చుని తినిపించింది. నాయన దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. బిడ్డకు పాలిచ్చాక అమ్మ ఎత్తుకుంది. జేజి చాప మీద మోకాళ్లూని రాత్రి ప్రార్థన మొదలుపెట్టింది. పడుకోబోయే ముందు ఇంటిల్లిపాదీ చెప్పుకునే ప్రార్థనే, ఒక్క ముక్క వదలకుండా.

నాయన ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, ఇప్పుడు పగలని ప్రభువుకు తెలీదా?"

"ఆయనకు పగలూ రాత్రీ ఒకటే. గడియారం జూసుకునేది మనమే. నువ్వు ఆమెన్ అను."

నాయన ఆమెన్ అన్నాడు.

నేను మంచం మీద వాలాను. అప్పుడే తలుపు మీద చిన్నమ్మ చప్పుడు చేసింది. పిక్కలాటకు వచ్చినట్టుంది.

"పెద్దమ్మా, ఏందీ, ఇంత ఎండలో గవాచి మూసినారు?"

"మా ఇంట్లో రాత్రయింది. పిల్ల పండుకుంటాంది."

"రాత్రా?"

"రాత్రే. చెవుడా నీకు?"

చిన్నమ్మ గొంతు తగ్గించింది. "అట్లయితే మా ఇంటాయన్ను పని ఆపమని చెప్పేదా? రాత్రిపూట ఉలి ఎవరు కొడతారు?"

"వద్దు చిన్నమ్మా," అన్నాను లోపల్నించి. "కొట్టమను."

ఎన్నో రోజుల తరువాత నాకై నేను కోరిన కోరిక అది. ఉలి మోగుతూనే ఉంది. నంద్యాల మిల్లు గుర్తొచ్చింది, తడి తువ్వాలు గుర్తొచ్చింది. ఆ పైన ఏమీ గుర్తు లేదు.

మళ్లీ కళ్లు తెరిచింది బండ జరిగిన చప్పుడుకే. ఎండ గవాచిలోంచి దిగి మంచం కాళ్ల మీద పడింది. గోడ దగ్గర వదిలిన ఎండ అంత దూరం వచ్చేసింది.

"తెల్లారింది. లే, మొగం కడుక్కో," అంది జేజి. ముందు నా పాదాల మీద వేలితో నొక్కి చూసింది, తరువాత చెంపల మీద. నీరు లేదు. అయినా ఆ పరీక్ష చాలా రోజులు మానలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో దినానికి రెండు రాత్రులు. జేజి దేన్నీ సగం చేయనిచ్చేది కాదు. లాంతరు వెలగాలి, అన్నం తినాలి, ప్రార్థన కావాలి. లేచాక పొద్దుటి ప్రార్థన కూడా. నాయన గొణిగేవాడు.

"ఈ లెక్కన దినాలు రెండింతలయితాండాయి. నాకు బేగా రిటైర్మెంటొస్తాది."

వీధిలో అందరూ నవ్వుకున్నారు. చిన్నమ్మ మాత్రం వచ్చి పంచలో బిడ్డను ఊపుతూ, ఎవరైనా గట్టిగా మాట్లాడితే కసిరేది. "నిదానంగా మాట్లాడండి. లోపల రాత్రి."

నేను ఒక్క నిద్రతో మామూలు మనిషినయ్యానని చెబితే అది అబద్ధం. కన్నీళ్లు ఇంకా చాలా రోజులు వచ్చాయి. కానీ మధ్యలో ఖాళీలు ఏర్పడ్డాయి. చారు రుచి తెలిసింది. ఒక ఆదివారం మా ఆయన బస్సెక్కుతుంటే, వచ్చేవారం ఏ బస్సుకు వస్తావని అడిగాను. ఆయన మెట్టు మీద నిలబడి నా వైపు చూస్తూ ఉండిపోతే కండక్టరు కసిరాడు. సాయంత్రాలు తలకు గుడ్డ కట్టుకుని పంచలో కూర్చుని, దూరంగా నల్లమల నీలంగా మారడం చూసేదాన్ని. అమ్మ సాంబ్రాణి పొగ వేస్తుంటే, నా వార్డులో ఇలా పొగ పెడితే మేట్రన్ ఏమనేదో చెప్పి నవ్వించాను. ఇంట్లో అందరూ అవసరానికి మించి నవ్వారు.

ఇంకొన్నాళ్లకు, జేజి రాత్రుల్లో ఒకదానినుంచి నేను బండ జరగకముందే లేచాను. చీకట్లో లాంతరు చిన్నగా వెలుగుతోంది. పంచలో బిడ్డ ఏడుపు. ఆ ఏడుపు ఎవరిదో వెంటనే తెలిసింది. ఆకలిదని కూడా తెలిసింది. లేచి తలుపు తీశాను. జేజి ఒళ్లో బిడ్డ.

"ఇట్లియ్యి జేజీ."

జేజి ఇవ్వలేదు. కింది నుంచి పైకి నన్ను చూసింది. "ఏం మే, నాకిచ్చేసినావ్ గదా? ఇప్పుడు నీదేనా?"

"నాదే."

"ఇంకోసారి జెప్పు."

"నాదే జేజీ. ఇయ్యి, ఆకలితో ఉండాది."

ఇచ్చింది. ఆ ఎండలో, పంచలో కూర్చుని నా కూతురి ముఖం మొదటిసారి తీరికగా చూశాను. ఎడమ చెవి అంచు కాస్త మడతపడి ఉంది, అచ్చం మా ఆయన చెవిలాగే. పుట్టి అన్నాళ్లయినా నాకా సంగతి తెలియదు. జేజి కొంగుతో ముక్కు తుడుచుకుని, నాపరాయి మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసి, "ఇంకా తెల్లారలా, నీకెవరు లేయమన్న్యారు" అని తిట్టింది.

డ్యూటీలో చేరాక నేను వార్డులో అడిగే ప్రశ్నలు మారాయి. బిడ్డకు పాలు చాలుతున్నాయా అన్న తరువాత, "నీకు నిద్ర పడతాందా?" అని అడిగేదాన్ని. చాలామంది ఆ ఒక్క మాటకే ఏడ్చేసేవారు. బండి ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నిద్రపోనిచ్చినా తేరుకోలేదు. డాక్టరమ్మకు చెప్పి కర్నూలు పెద్దాసుపత్రికి పంపించాం, మందులతో కుదుటపడింది. అందరి దుఃఖం గవాచి మూస్తే తీరేది కాదని నాకు తెలుసు. ఇప్పుడు ఈ జబ్బుకు పేరుంది, మాట్లాడేవాళ్లున్నారు. అప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒక బండ, రెండు గోనె సంచులు, తన నియమాన్ని దాటలేక, నన్ను వదులుకోలేక నలిగిన ఒక ముసలామె.

రెండో బిడ్డ ఎనభైలలో. ఈసారి బిడ్డ కావాలని అనుకున్నప్పుడే రాత్రి డ్యూటీలు వదిలేశాను. ఏడాది ముందునుంచే ఒంటికి మళ్లీ రాత్రిని నేర్పుకున్నాను. డైరీ పేజీల పైన అంకెలు చక్కబడ్డాక మా ఆయనకు సరేనన్నాను. ఆయన ఎగతాళి చేశాడు, "బిడ్డను కనేదానికి కూడా టైంటేబులేనా?" అని. కానీ మంచానికి సెలవు దొరికిందని సంతోషించాడు.

ఆ కాన్పుకు ఆళ్లగడ్డ వెళ్లేసరికి జేజికి చూపు దాదాపు పోయింది. నాకు ఈసారి పగటినిద్ర అంతగా అవసరం లేదు. అయినా మరునాడు భోజనం కాకముందే నాయన ఎవరూ చెప్పకుండానే మిద్దె ఎక్కాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. అమ్మ లాంతరు వెలిగించింది. జేజి గోడ పట్టుకుని నడుచుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చి, తడుముకుని నా పాదాల మీద వేలు నొక్కి చూసింది.

"రాత్రయిందా మే?"

"అయింది జేజీ."

పక్కింట్లో ఉలి మోగుతోంది. ఆ చప్పుడు ఆమెకూ వినిపిస్తూనే ఉంది. "అట్లయితే బిడ్డను మీ అమ్మకిచ్చి పండుకో," అని, చాప మీద నెమ్మదిగా మోకాళ్లూని, రాత్రి ప్రార్థన మొదలుపెట్టింది.